రెండో దంతం

ఆ బొమ్మల కార్ఖానాలో ఆమెను అందరూ పన్నక్క అంటారు. పై వరుసలో ముందు పన్ను సగానికి విరిగి ఉంటుంది మరి. పద్దెనిమిదేళ్లుగా ఆమె పని ఒకటే. అచ్చులోంచి వచ్చిన వినాయకుడి బొమ్మలకు ముఖం సరిచేయడం. చెవి అంచు గీకడం, తొండం మడతలో బుడగలు పూడ్చడం, కళ్లు దిద్దడం. రెసిన్ కంపు ఆమె జుట్టులో, దుప్పట్లో, నోట్లో పెట్టుకునే ముద్దలో కాపురం పెట్టింది. ఆ కంపును ఆమె ఏనాడూ క్షమించలేదు. బొమ్మ కోసం భరించింది.

చిన్నప్పుడు మెట్ల మీద పడి పన్ను విరిగితే బడి మానేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మంచం వెనక కూర్చునేది. ఒకరోజు అమ్మమ్మ ఒళ్లోకి లాక్కుంది.

"ఏడుపెందుకే పిచ్చి మొద్దూ? వ్యాసుడు భారతం చెప్పుకుపోతుంటే వినాయకుడి చేతిలో ఘంటం విరిగింది. ఆగకుండా రాయాలని ఒప్పందమాయె. పుటుక్కున తన దంతమే విరిచి రాశాడు. నీలాగ మూతి దాచుకున్నాడా?"

మర్నాడు ఆమె బడికి వెళ్లింది. అప్పటినుంచి ఆ దేవుడు ఆమె బెంచీలో పక్కన కూర్చునేవాడు. చాటంత చెవులతో అంతా వినేవాడు. చిన్న కళ్లతో నవ్వేవాడు. విరిగినదానితోనే పని కానిచ్చేవాడు.

ఒక సోమవారం ఇరవై పెట్టెలు తిరిగొచ్చాయి. కొత్తగా కొన్న దుకాణం వాళ్లు ప్రతి పెట్టెకూ ఎర్ర చీటీ అంటించారు: 'విరిగిన సరుకు'. అన్ని బొమ్మలకూ కుడి దంతం లేదట.

సూపర్‌వైజర్ ఒక పెట్టె తెచ్చి ఆమె బల్ల మీద దించాడు. "పన్నక్కా, సాయంత్రానికల్లా అన్నిటికీ రెండో దంతం అతికించెయ్."

"అది విరిగింది కాదు బాబూ, విరుచుకున్నది. ఆయన పేరే ఏకదంతుడు."

"నాకు తెలీదా? వాళ్లకి తెలీదు. కొనేది వాళ్లు."

"అయితే చెప్పండి వాళ్లకి."

"సరుకు పంపుకోవాలా, కూర్చుని పురాణం చెప్పుకోవాలా? చెయ్యనంటే చెప్పు, ఈ బల్ల దగ్గరికి ఇంకొకళ్లని తెచ్చుకుంటాను." వెళ్తూ వెళ్తూ ఆగాడు. "రేపు వాళ్లు చూడ్డానికి వస్తున్నారు. నువ్వు కాస్త నోరు మూసుకుని కూర్చో అక్కా. ఏమీ అనుకోకు, బాగోదు."

పక్క బల్ల మీద రంగులు వేసే మరదలు కిసుక్కుమంది. "కానియ్ వదినా. దేవుడికే పన్ను కట్టిన డాక్టరమ్మవి అవుతావు."

ఆమె పుట్టీ తీసుకుంది. వేళ్ల మధ్య నులిమితే తెల్లగా, మెత్తగా, పురుగులా సాగింది. మొదటి బొమ్మకు అతికించింది. అంతవరకు వింటున్న ముఖం టక్కున వినడం మానేసింది. రెండు దంతాల మధ్య ఆ నవ్వు దుకాణం అద్దంలో పెట్టిన నవ్వయిపోయింది. రెండోది, పదోది. జిగురు గోళ్ల సందుల్లోకి దిగింది. నలభయ్యో బొమ్మను బల్ల మీదే వదిలేసి లేచింది.

కుళాయి దగ్గరికి పరుగెత్తింది. కక్కితే చేదునీళ్ల తీగ తప్ప ఏమీ రాలేదు. ముఖం కడుక్కుని తలెత్తితే మరకలు పడ్డ అద్దంలో కనబడింది, నోటికి అడ్డంగా తన చెయ్యి. సూపర్‌వైజర్ మాటకు లేచిందో, మరదలు నవ్వుకు లేచిందో తెలియదు. ఇన్నేళ్ల తర్వాత, పుట్టీ కంపుతో, ఆ చెయ్యి మళ్లీ అక్కడే ఉంది.

ఆ చేతిని చూస్తే, ఈ కార్ఖానాలో దేన్ని చూసీ కలగనంత రోత కలిగింది.

వచ్చి కూర్చుని మొదటి బొమ్మను ఒళ్లోకి తీసుకుంది. పుటుక్. రెండోది. పుటుక్.

"వదినా! నీకేమన్నా పిచ్చా? ఉద్యోగం పోతుందే!"

"పోనీ."

నలభై తెల్ల ముక్కలు బల్ల మీద పాలపళ్లలా రాలాయి.

ఉద్యోగం పోలేదు, బల్ల పోయింది. దంతాలు మరదలు అతికించింది, ఆమెకేసి చూడకుండా. పన్నక్కను వెనక గదిలోకి, పీఠాలకు గరుకు కాగితం రుద్దే పనిలోకి తోశారు. అక్కడ దుమ్ము కూడా తోడు. ఇక ముఖాలు ఆమె చేతికి రావు.

మర్నాడు కొనేవాళ్లు వచ్చారు. వెనక గదిలోకి కూడా తొంగిచూశారు. "ఎన్నేళ్లుగా చేస్తున్నారమ్మా?" అని ఒకావిడ అడిగింది.

"పద్దెనిమిది," అంది పన్నక్క, నోరంతా తెరిచి నవ్వుతూ. ఆవిడ చూపు విరిగిన పన్ను మీద పడి, చప్పున పక్కకు జారింది. సూపర్‌వైజర్ పళ్లు కొరుక్కున్నాడు.

పన్నక్క చేతులు పీఠం మీదే ఉన్నాయి.