నీళ్ళ మీద కూర్చున్న సైన్యం

మొన్న సోమవారం పొద్దున దీపం పెట్టి కుంకుమ అందుకుంటుంటే ఫోను మోగింది. మద్రాసు నుంచి మా తోడికోడలు. "అక్కా, ఈయన లేచి కాఫీ అడిగినాడు. నేను తెచ్చేలోపల..." అని ఆగిపోయింది. మా మరిది పోయాడు. నలభై దాటి ఎంతో కాలం కాలేదు. గుండె అన్నారు డాక్టర్లు.

నేను చిత్తూరికి కోడలిగా వచ్చేటప్పటికి అతను మూడో తరగతి. అత్తగారు అప్పటికే లేరు. తల దువ్వి బడికి పంపడం నా పనయింది. మామూలుగా "వదినా" అనేవాడు. జ్వరం వస్తే మాత్రం "అమ్మా" అనేవాడు. తగ్గాక మళ్ళీ వదిననే.

పెద్దయ్యాక ఊళ్ళో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాడు. ఒకసారి మద్రాసులో పాత కంప్యూటర్ కొని, బస్సులో దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఇంట్లోకి వచ్చింది కదా అని బొట్టు పెట్టబోయాను. "అద్దం మీద వద్దు వదినా, నెత్తిన పెట్టు" అన్నాడు. ఉరుము వినపడితే పరుగెత్తి ప్లగ్గు పీకేవాడు. కరెంటు పోతే ఇల్లంతా ఉసూరుమనేది. అతనొక్కడే గదిలోంచి "సేవ్ చేసేసినా!" అని సంబరంగా అరిచేవాడు.

ఆ గదిలో అతను సొంతంగా ఒక ఆట తయారుచేశాడు. పులీ మేకా ఆట లాంటిదే. నేనొక ఎత్తు వేస్తే తర్వాత అతనొక ఎత్తు. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. "తొందరపడేవాళ్ళకి వేరే ఆటలుండాయి వదినా, ఇది నిదానస్తులది" అనేవాడు. మధ్యాహ్నం గిన్నెలు కడిగి వెళితే నాకోసం స్టూలు వేసి ఉంచేవాడు.

తెర మీద ఇద్దరు రాజులు, వాళ్ళ సైన్యాలు, మధ్యలో ఏరు. దెబ్బ తగిలి సైనికుడు పడిపోతే నాకు మనసొప్పక ప్రతిసారీ "గోవిందా" అనేదాన్ని. విని విని ఒకరోజు ఆట మార్చేశాడు. "నీకోసం వీళ్ళింక చావరు. దెబ్బ తగిలితే కూర్చుంటారు, అంతే." నిజంగానే దెబ్బ తగిలినవాడు ఉన్నచోటే బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు.

మద్రాసులో ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటుందని తెలిసి, తీసుకెళ్ళి చూపించాడు. ఏరు దాటే దారి లేదు, రాజులిద్దరూ గట్ల మీద ఊరికే నిలబడితే గెలిచేదెవరు అన్నారట. మనుషుల్ని ఎక్కించుకుపోయే పడవలు, బండ్లు పెట్టుకుని రమ్మన్నారు. నచ్చితే అక్కడే ఉద్యోగం.

మా ఆయనది ఎరువుల అంగడి. తమ్ముడు తెరముందు గడిపేస్తున్నాడని ఆయన దిగులు. "వినాయక చవితి దాకా చూస్తానప్పా. అప్పటికీ ఏమీ తేలకపోతే అంగట్లో కూర్చోవాల" అన్నారు. మరిది వంటింట్లోకి వచ్చి నా చేటలో రాళ్ళు ఏరుతూ, "ఆడ కూర్చుంటే బతకనని కాదు వదినా. ఇది మాత్రం బతకదు" అని గది వైపు చూశాడు.

మొదట చేసిన పడవలో ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే మాయమయ్యేవాళ్ళు. అవతల గట్టుకు పడవ ఒక్కటే చేరేది.

"యాడికి పోయినారబ్బా వీళ్ళు?"

"కాశీకి పోయుంటార్లే" అన్నాను. తల పట్టుకుని నవ్వాడు.

కొన్నాళ్ళకు వాళ్ళు దిగడం నేర్చుకున్నారు. ఆరోజు నా వంతు రాగానే గట్టు మీదున్న వాళ్ళనందరినీ ఒకే పడవలో ఎక్కించేశాను, గుర్రాలు, ఏనుగు, రాజుగారితో సహా. ఎవరినైనా వదిలిపెట్టి పోవాలని నాకు తోచలేదు. పడవా కాదనలేదు. అతనికీ అందులో తప్పు కనపడలేదు. మేం కాణిపాకం జీపుల్లో తిరిగినవాళ్ళం. లోపల కూరుకున్నంతమంది, వెనక వేలాడినంతమంది, డ్రైవరు పక్కన ముగ్గురు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. "ఇంక పట్టదు" అన్న మాట ఆ జీపువాళ్ళ నోట ఎప్పుడూ వినలేదు.

మా ఆయన కాఫీ గ్లాసుతో తొంగిచూశారు. "ఏనుగుని గూడా ఎక్కించినారా! మునగదా?"

"కాణిపాకం జీపు ఎప్పుడన్నా మునిగిందా అన్నా?"

"జీపు యాడన్నా మునుగుతాదిరా!" అన్నారాయన. ముగ్గురం నవ్వుకున్నాం.

చవితికి ముందు మద్రాసు వెళ్ళాడు. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండా గడప మీద కూర్చున్నాడు. చెంబుతో నీళ్ళిచ్చాను. ఎత్తి తాగి చెప్పాడు. కంపెనీవాళ్ళలో ఒకాయన నాలాగే సైన్యమంతా ఒకే పడవలో ఎక్కించాడట. ఇంకొకాయన అవతల గట్టు నుంచి బాణం వేశాడట.

"ఒకే ఒక్క బాణం వదినా. పడవ పోయింది. అందరూ నీళ్ళ మీద బారుగా కూర్చునేసినారు. ఏనుగు గూడా."

నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను. అతనూ నవ్వాడు, సగంలోనే కళ్ళు తుడుచుకున్నాడు. "వాళ్ళూ ఇట్లనే నవ్వినారు. తర్వాత చూస్తాంలే అన్నారు."

పండగ మర్నాడు ఎవరూ చెప్పకుండానే స్నానం చేసి అంగడికి బయల్దేరాడు. ఆ వారమంతా వెళ్ళాడు. కంప్యూటర్ మీద దుప్పటి కప్పేశాడు. ఒక సాయంత్రం కరెంటు పోయింది. అతను ఇంట్లోనే ఉన్నాడు, అయినా గదిలోంచి అరుపు రాలేదు. స్వామికి దణ్ణం పెట్టుకున్నానే గానీ, ఇంకొంత గడువిమ్మని మా ఆయనతో చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆయనే అన్నారు, భోజనాల దగ్గర. "మోత లెక్క లేకుండా ఎక్కించేది యాడన్నా ఉండాదా? మన ఎద్దులబండికే బస్తాలు చూసి ఎక్కిస్తాం. ఆ మాత్రం నీ పడవకి పెట్టలేవా?"

"పెట్టొచ్చన్నా. చవితి అయిపాయ గదా."

ఆయన మజ్జిగ పోసుకుంటూ, తలెత్తకుండా, "చవితి ఏటేటా వస్తాది. తిని, పోయి ఆ దుప్పటి తియ్" అన్నారు.

పడవకు నలుగురే అని పెట్టాడు. ఈసారి గొడవ నాది. "మిగిలినోళ్ళని గట్టు మీద ఎట్లా వదిలేది?" అని చెయ్యి ఆడక కూర్చున్నాను.

"వదిలేది కాదు వదినా. పడవ మళ్ళా వస్తాది. అప్పటిదాకా వాళ్ళ వంతు రాలేదు, అంతే" అన్నాడు.

మొన్న మద్రాసులో అతన్ని కడసారి సాగనంపి వచ్చినప్పటి నుంచి ఆ మాటే నాలో తిరుగుతోంది. వదినకంటే మరిది ముందు ఎక్కడమేమిటో స్వామికే తెలియాలి.

ఆ ఉద్యోగం వచ్చింది. చివరిదాకా అదే పని చేశాడు, ఇష్టంగా. మొన్న అతనితో పనిచేసే కుర్రవాళ్ళు వచ్చి చివరిసారి అతని కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళారు. వాళ్ళను చూస్తుంటే నాకు మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది అతను ఆట పట్టుకుని మూడోసారి మద్రాసు బయల్దేరిన పొద్దు.

పెరుగన్నం కట్టిచ్చి, నుదుట బొట్టు పెట్టాను. అంగడి తెరిచే వేళ. మా ఆయన తాళాలు తీసుకోకుండా స్కూటర్ బయటికి తీశారు.

"అంగడో అన్నా?"

"రైతులు కాసేపు టీ తాగుతార్లే. నువ్వెక్కు, బస్టాండులో దించుతా."

ఎక్కాడు. ఒక చెయ్యి ఆట సీడీ ఉన్న చొక్కా జేబు మీద, ఇంకో చెయ్యి అన్న భుజం మీద. వీధి మలుపులో ఆవు అడ్డమొస్తే బండి నెమ్మదించింది. అతను వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఊపడానికి ఏ చెయ్యీ ఖాళీ లేదు. తల ఊపాడు.