డాక్టరమ్మ కుర్చీలో మా టీచరు

అరవైల మొదట్లో నూజివీడులోని ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరాను. మామిడికాయ కోతలకు శ్రీకాకుళం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మా పక్కనే ఉన్న ఆగిరిపల్లి తోటల్లో దిగేవి. వాళ్లదీ తెలుగే, మాదీ తెలుగే. అర్థం కాకపోవడమనేది ఉంటుందని మాకు తట్టనే లేదు.

ఒకరోజు ఒక కూలీ తల్లి నాలుగేళ్ల పిల్లను భుజాన వేసుకుని పరుగున వచ్చింది.

"అప్పా, నా గుంట పడిపోనాది!"

గుంటలో పడిందనుకున్నాను. మోకాలి మీద కనిపించిన పాత గీరుకు మందు రాసి, శ్రద్ధగా కట్టు కట్టసాగాను. ఆమె నా చేయి లాగి పిల్ల నుదుటి మీద పెట్టింది. కాలిపోతోంది! గుంట అంటే వాళ్ల వైపు ఆడపిల్లనీ, జ్వరంతో సొమ్మసిల్లిందనీ అప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ పిల్లకు మందు పట్టి, "రెండు పూటలా అన్నం తిన్నాక మాత్ర వెయ్యమ్మా" అని చెప్పి పంపింది. మూడో రోజు పిల్లను మళ్లీ చూపించడానికి వస్తే, సగం మాత్రలు మిగిలే ఉన్నాయి.

"పొద్దున అంబలే కదమ్మా తాగుతాం. అన్నం రేతిరికే" అంది తల్లి. చెప్పింది చెప్పినట్టే చేసింది మరి.

డాక్టరమ్మ మా వైపు చూసి, "తప్పు మనదేనండీ" అంది. తర్వాత ఆ తల్లితో, "బుధవారం మధ్యాహ్నాలు వచ్చి మాకు పాఠం చెబుతావా? మీ మేస్త్రీతో నేను మాట్లాడతాలే" అంది.

"నానా? నాకు అచ్చరం ముక్క రాదు!"

"మాకు నీ మాట రాదుగా."

బుధవారం ఆమె తలకు నూనె రాసుకుని, కోలుకున్న పిల్లను చంకనేసుకుని వచ్చింది. డాక్టరమ్మ లేచి తన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, మాతోపాటు బల్ల మీద సర్దుకుంది. మొదట కుర్చీ అంచున బిగుసుకుని కూర్చున్న మనిషి, కాసేపటికే మమ్మల్ని గదమాయించసాగింది.

"ఏటి, అలా కసురుకుంటే రోగం సెప్పాలనిపిస్తాదా? ముందు ఏ ఊరని అడగాల. తిన్నావా అనడగాల. రోగం తరవాత."

యాభై దాటిన మా కాంపౌండరుగారు చేతులు కట్టుకుని నిలబడి, "ఏవూరుతిన్నావారోగమేంటి" అని ఒక్క గుక్కలో అప్పజెప్పారు. టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. నాకైతే పొట్ట పట్టుకోవాల్సి వచ్చింది.

అలా నాలుగు బుధవారాలు సాగింది. ఆ తర్వాత ఆ తోట కూలీల్లోనే ఒక ముసలాయన కాలికి ముల్లు గుచ్చుకుందని వచ్చాడు. "ఏ ఊరు తాతా? ఏటి తిన్నావు?" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. ఊరి సంగతులు చెబుతూ చెబుతూ, నెల రోజులుగా ఎవరికీ చెప్పని గుండెల్లో నొప్పి కూడా చెప్పేశాడు. డాక్టరమ్మ ఆయన్ను అప్పటికప్పుడే మంచం మీద పడుకోబెట్టి వైద్యం మొదలుపెట్టింది. తేరుకున్నాడు.

మరుసటి ఏడాది కోతల కాలం. ఉదయాన్నే ఆసుపత్రి ముందు మూటలతో పాతికమంది వరుసగా నిలబడ్డారు. డాక్టరమ్మ కంగారుగా బయటికి వచ్చింది.

"ఏంటమ్మా, అందరికీ ఒకేసారి ఏమైంది?"

ముందు నిలబడ్డ మా టీచరు నవ్వేసింది.

"రోగమేటి నేదమ్మా. తోటకెళ్లే ముందు మిమ్మల్ని సూసి ఎల్దామని వచ్చినాం."