లైను పొయ్యొస్తాది

పుంగనూరు నుండి రామసముద్రం వైపు వెళ్ళే దారిలోని పల్లెలకు ఇంటర్నెట్ లైను ఇచ్చే మునిరాజ, ప్రతిదినం మధ్యాహ్న భోజనాల వేళకు తన ఖాతాదారులందరికీ ఫోనులో ఒకే సందేశం పంపుతాడు: "లైను పొయ్యొస్తాది." అంతకు మించి ఒక్క అక్షరం ఉండదు. కొత్తగా బదిలీపై వచ్చిన ఉద్యోగులు దానిని చూసి నవ్వుకోవడం నేను ఎరుగుదును. సేవలకు అంతరాయం కలుగుతుందని తెలుపవలసిన చోట, ఊరికి బయలుదేరిన మనిషి గడప వద్ద చెప్పే మాటను వ్రాయడం వారికి వింత. ఆ మాట అక్కడికి ఎట్లా వచ్చినదో తెలిసినవారు కొద్దిమంది. తాలూకా కచేరీ ఎదుట అర్జీలు వ్రాసే వృత్తిలో ఉన్నందున ఆ కొద్దిమందిలో నేనూ ఒకడినైనాను.

మునిరాజ కూలి కుటుంబంలో పుట్టాడు. తండ్రి మామిడి తోటలకు కాపలా ఉండేవాడు. చదువు పదవ తరగతితో ఆగిపోగా, అతడు కేబుల్ టీవీ వారి వద్ద స్తంభాలెక్కే పనిలో చేరాడు. ఆ వ్యాపారం సన్నగిల్లిన తరువాత అవే స్తంభాల మీద ఇంటర్నెట్ తీగ లాగి సొంతంగా నిలబడ్డాడు. మదనపల్లె నుండి వచ్చే లావు తీగ అతని మిద్దె మీది గదిలో ఒక పెద్ద పెట్టెను చేరుతుంది. అక్కడి నుండి సన్నని తీగలై పల్లెలకు చీలిపోతుంది. అప్పట్లో ఉన్నది పాత పెట్టె. వేసవిలో కాగిపోయేది. అందువలన పిల్లల ఆన్‌లైన్ పాఠాలు ముగిసి జనం అన్నాలకు లేచే సమయంలో అతడు మీట దించి, కిటికీకి తడి గోనెపట్ట కట్టి, పెట్టె చల్లబడిన తరువాత మళ్ళీ మీట ఎత్తేవాడు. దీనిని అతడు "కాడి దించేది" అనేవాడు. ముందుగా ఎవరికీ చెప్పే అలవాటు లేదు. ఏ ఇంట్లోనైనా ఎవరైనా విసుక్కునేలోపలే లైను తిరిగి వచ్చేది.

ఆ పల్లెలలో ఒకదానిలో కదిరప్ప, ఆదిలక్ష్మమ్మ అనే దంపతులు పాడి పశువులను మేపుకుంటూ ఉండేవారు. ఆ ఊరికి సెల్‌ఫోను సిగ్నలు అందదు. మునిరాజ తీగ తప్ప వేరే దారి లేదు. ఆ తీగ ఊరిలోకి పోవడానికి తన పశువుల కొట్టం గుంజను వాడుకొమ్మన్నవాడు కదిరప్పే. ఎగతాళి చేయడంలో కూడా అతడే ముందు.

"ఏమప్పా మునిరాజా, నీ లైను మా ఎనుము మాదిరుండాదే! మనసైతే ఇస్తాది, ల్యాకుంటే తంతాది."

"తన్నినా మళ్ళా వచ్చేది నీ కొట్టానికే కదా మామా."

"అదొకటి నిజంలే. పొయ్యొస్తాది. యాడికీ పోదు."

కరోనా రెండవసారి విజృంభించి, మధ్యాహ్నం నుండి కర్ఫ్యూ అమలులో ఉన్న వేసవిలో కదిరప్ప ఊపిరి అందక మదనపల్లెలోని ఒక ఆసుపత్రిలో చేరాడు. ఇంటివారిని లోపలికి రానిచ్చేవారు కారు. ఒకనాటి మధ్యాహ్నం, పక్క మంచంలో ఉన్న కుప్పం నివాసి గోవిందప్ప తన ఫోనులో అతనికి ఇంటితో వీడియో కలిపి ఇచ్చాడు. పల్లెలో కోడలు ఉష ఫోను పట్టుకోగా ఆదిలక్ష్మమ్మ ఎదుట కూర్చున్నది. కదిరప్ప పశువుల సంగతి అడిగాడు. తరువాత ఏదో చెప్పబోయాడు. ఆ క్షణాన పుంగనూరులో మునిరాజ కాడి దించాడు.

ప్రతిదినం తిరిగి లేచే పెట్టె ఆనాడు లేవలేదు. విప్పి, తుడిచి, కాలిన భాగం మార్చి లైను తెచ్చేసరికి పొద్దు వాలింది. ఆ లైనులో పల్లెకు మొదట చేరినది కదిరప్ప మరణవార్త. దేహాన్ని ఇంటికి తేనివ్వలేదు. దహనం అక్కడే జరిగింది.

కొన్నాళ్ళకు తెగిన తీగ అతికించడానికి ఆ ఊరికి వెళ్ళిన మునిరాజను ఆదిలక్ష్మమ్మ పిలిపించింది. ఆమె తిడుతుందని అనుకున్నాడు. ఆమె తిట్టలేదు.

"అప్పా, నీకు లైను సంగతి తెలుసును కదా, అందుకని అడుగుతాండా. ఆయన 'పో' అన్న్యాడు. ఆడికి తెగిపొయినాది. పోతాండా అన్న్యాడా, పొయ్యొస్తా అన్న్యాడా?"

మన ప్రాంతంలో ఇల్లు విడిచే మనిషి "పోతా" అనడు. పశువుల సంతకు పోయినా, పొరుగింటికి పోయినా "పొయ్యొస్తా" అంటాడు. పోతానని చెప్పి వెళ్ళినవాడి దారి చూడరాదు. ఈ రెండు మాటలకూ మొదట ఉన్న తేడా హ్రస్వ దీర్ఘాలది మాత్రమే. అయితే లైను సన్నబడినప్పుడు మాట సాగుతుంది. సాగిన మాటలో హ్రస్వమేదో దీర్ఘమేదో ఎవరూ చెప్పలేరు. ఆమె విన్నది సాగిన అక్షరం.

ఆనాటి నుండి మునిరాజ మీట మీద చేయి వేసినప్పుడల్లా, పెట్టెలోని చిన్న ఫ్యాను వేగం తగ్గి ఆగిపోయే శబ్దంలో ఆ "పో" వినిపించసాగింది. మొదట చెవి భ్రమ అనుకున్నాడు. తరువాత అది కదిరప్ప గొంతు అని గుర్తుపట్టాడు. కాడి దించడం మానివేశాడు. పెట్టె రాత్రింబగళ్ళు కాగుతూ ఉండిపోయింది. లైను నీరసించింది. పాఠాలు మధ్యలో ఆగుతున్నవని తల్లిదండ్రులు, పనికి ఆటంకమని ఇంటి నుండి ఉద్యోగాలు చేసే కుర్రవాళ్ళు మొరపెట్టారు. పెట్టె పూర్తిగా కాలిపోతే ఆ పల్లెలన్నీ చీకటి పడ్డట్టే. అతని జీవనమూ అంతే. అది తెలిసి కూడా చేయి కదలలేదు. పైగా ఉష ఫోను చేసి, అత్త మధ్యాహ్నం అన్నం ముట్టకుండా ఫోను ఎదుట కూర్చుంటున్నదని చెప్పింది.

చివరకు అతడు ఉష వద్ద నంబరు తీసుకొని, కోలుకొని ఇల్లు చేరిన గోవిందప్పకు ఫోను చేశాడు. ఆ పెద్దమనిషి, "ఇట్టాంటిది ఫోన్లో సెప్పేది కాదప్పా, రా" అన్నాడు. కర్ఫ్యూ మొదలైన తరువాత తిరిగి రావలసి ఉంటుంది గనుక అనుమతి కొరకు మునిరాజ నా వద్ద అర్జీ వ్రాయించుకున్నాడు. "అంతర్జాల సేవల పునరుద్ధరణ నిమిత్తము" అని వ్రాశాను. పూర్తి సంగతి విన్న తరువాత కూడా దానిని మార్చవలసిన అవసరం నాకు కనిపించలేదు.

పలమనేరు మీదుగా మోటారు సైకిలుపై కుప్పం చేరిన మునిరాజను గోవిందప్ప వాకిట అరుగు చివర కూర్చుండబెట్టి, తాను లోపలి గడప వద్ద కూర్చున్నాడు.

"పొయ్యొస్తా అనే అన్న్యాడప్పా. పూర్తిగా అన్న్యాడు. నా చెవులారా ఇన్న్యా."

మునిరాజ లేవబోయాడు.

"ఉండు. ఆమైన జరిగిన కత ఇంకా ఉండాది. ఆయమ్మ మొగం అట్టే నిలిచిపొయినాది, మద్దెలో సున్నా తిరుగుతా ఉండాది. పెట్టేస్తానప్పా, చార్జి అయిపోతాది అంటి. వద్దన్న్యాడు. అది మునిరాజా లైను, పొయ్యొస్తాది, పట్టుకో అన్న్యాడు. పట్టుకోనే ఉంటి. ఆయన ఆ సున్నానే సూస్తా ఉండె. సూస్తా సూస్తానే..." గోవిందప్ప దగ్గి, నీళ్ళు తాగి, అడిగాడు: "అవునూ, నీ పేరు సెప్పలేదే?"

మునిరాజ తన పేరు చెప్పాడు.

మొదటి సగం మాత్రమే చెప్పవలెనని దారి పొడుగునా అనుకుంటూ వచ్చానని అతడు తరువాత నాతో అన్నాడు. పల్లెలో ఆదిలక్ష్మమ్మ ఎదుట కూర్చుని ఆ సగమే చెప్పాడు. ఆమె కొంగుతో ముఖం ఒత్తుకున్నది.

"ఆమైన ఏమన్న్యాడు?" అన్నది.

అబద్ధం ఆడలేక రెండవ సగమూ చెప్పాడు. ఆమె కొట్టంలోని గుంజ వైపు, దానికి చుట్టిన నల్లని తీగ వైపు చూసింది.

"ఇప్పుడు యాల ఆపకుండా ఉండావు పెట్టెను? ఉష సెప్పినాదిలే."

"చెయ్యి రావడంల్యామ్మా. ఆ మాటే ఇనపడతాండాది."

"ఆయన పొయ్యొస్తాది అన్న్యాడు కదప్పా. నువ్వు ఆపకుంటే అది వచ్చేదెట్ట? ఆపు. అయితే సెప్పి ఆపు. ఆపతాండా అనొద్దు. ఆ మాటే అను."

మరునాడు మునిరాజ నా వద్దకు వచ్చి ఖాతాదారులకు పంపవలసిన ప్రకటన వ్రాసిమ్మన్నాడు. "సాంకేతిక కారణముల వలన సేవలు తాత్కాలికముగా నిలిపివేయబడును" అని వ్రాసి ఇచ్చాను. చదివి, తల అడ్డంగా ఊపి, తన ఫోనులో రెండే మాటలు కొట్టి నాకు చూపాడు. నేను దిద్దలేదు.

ఇప్పుడు అతని వద్ద కొత్త పెట్టె ఉన్నది. అది కాగదు, దానికి విశ్రాంతి అవసరం లేదు. అయినా మధ్యాహ్నం సందేశం పోతూనే ఉన్నది. దానికి పల్లెలోని ఒక ఇంటి నుండి మాత్రం ఆదిలక్ష్మమ్మ గొంతుతో జవాబు వస్తుంది: "పొయ్యి రాప్పా." అది విన్న తరువాతనే అతడు మీట దించుతాడు. ఒకనాడు నేను ఆ గదిలో ఉన్నాను. ఫ్యాను చప్పుడు సన్నబడి, సాగి, ఆగింది. నాకు ఏమీ వినిపించలేదు. మునిరాజ మాత్రం తల వంచి, మీట మీద చేయి ఉంచి, ఎదురుగా ఎవరో మాట మధ్యలో ఆగినప్పుడు మర్యాదగా నిలిచే మనిషివలె నిలబడి ఉన్నాడు. మాట పూర్తయినట్టు తల ఊపి, అప్పుడు మీట ఎత్తాడు.