పేటెంటు కాగితాల్లో మిగిలిన పెట్రోలు

నాలుగేళ్ళ కిందట, డిగ్రీ పూర్తయిన కొత్తలో, రాజమండ్రిలో ఒక డీటీపీ సెంటర్లో టైపు చేసేదాన్ని. ఎవరైనా పలకరిస్తే తల వంచుకునే రకం నేను.

రిటైరైన ఇంజినీరు శర్మగారు పేటెంటు కాగితాలు మా దగ్గరే టైపు చేయించేవారు. కారు ఇంజిన్ వేడిని కనిపెట్టి పెట్రోలు తగ్గించే పరికరానికి ఆయనకు అప్పటికే పేటెంటు ఉంది. ఈసారి క్యాన్సర్ గడ్డను కరెంటు వేడితో కరిగించే పరికరం. పాత కాగితాలనే నమూనాగా పెట్టుకుని కొత్తవి టైపు చేసి ఇచ్చాను.

ఆయన వాటిని పేటెంటు ఆఫీసులో ఇవ్వడానికి చెన్నై రైలుకు బయల్దేరాక, నా దగ్గరున్న కాపీ ఆసక్తిగా చదువుతూ కొయ్యబారిపోయాను. ‘గడ్డ మరీ వేడెక్కితే పెట్రోలు తగ్గించాలి’ అని ఉంది! పాత వాక్యంలో ఆ ఒక్క మాట మార్చడం మరిచిపోయాను.

ఆటో ఎక్కి స్టేషనుకు చేరేసరికి రైలు కూత వేసింది. కిటికీలో ఆయన కనపడగానే గొంతెత్తి అరిచాను.

“శర్మగారూ! క్యాన్సర్లో పెట్రోలు ఉండిపోయిందండీ!”

ప్లాట్‌ఫామంతా నావైపు తిరిగింది. “ఎవరమ్మాయో ఏంటో, పాపం!” అంది ఇడ్లీలమ్మే ఆవిడ.

ఆయన పగలబడి నవ్వి, కాగితం తీసి పెన్నుతో ‘కరెంటు’ అని దిద్దారు. నేను క్షమాపణ చెప్పబోయాను.

“ఊరుకోమ్మా. ఇలాంటి వైద్యంలోనే మా అక్కయ్య ఒళ్ళు కాలింది. కారుకి తీసుకున్నపాటి జాగ్రత్త మనిషికి తీసుకోవద్దా అనే ఇది మొదలెట్టాను. నువ్వూ ఆ జాగ్రత్తతోనేగా పరుగెత్తుకొచ్చావు!”

రైలు కదిలింది. ఆ మాటను ఇంటికెళ్ళి డైరీలో రాసుకున్నాను. నోరు తెరవడానికి భయమేసినప్పుడల్లా ఇప్పటికీ ఆ పేజీ తీసి చదువుకుంటాను.