చెంప మీద మెట్లు

యాకుత్‌పురాలో మా ఇంటికి పాలు పోసిన పెద్దమ్మ గురించి నాకు నిశ్చయంగా తెలిసింది ఒకటే: ఏ వస్తువు చేతికొచ్చినా ముందు కొంగుతో తుడిచేది. కంప్యూటర్లు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, వాటిలో దాచిన ముఖం ఎన్నటికీ వెలిసిపోదని గల్లీలో అనుకున్నది వట్టి వినికిడి. నేను దాన్ని ఖండించలేదు.

చనిపోయిన భర్తది ఆమె దగ్గర ఒక్కటే ఫోటో, అదీ వెలిసిపోతోంది. గల్లీ మాట నమ్మి, దాన్ని నేను పనిచేసే కంప్యూటర్ ప్రయోగశాలకు తెచ్చింది. కెమెరాతో తీసి తెర మీద చూపించాను.

“గిదేంది బిడ్డా, చెంప మీద మెట్లు కట్టినట్టున్నది?”

“ఈ మిషిన్‌కు నలుపు నుంచి తెలుపు దాంక పదహారు ఛాయలే ఎరుక, పెద్దమ్మా. నడుమ ఛాయలను పక్కదాంట్ల కలిపేస్తది.”

“మీ పెదనాయన గడ్డం గీసుకుంటే మొఖం అద్దం లెక్క ఉండె. పదహారుల యాడ పడతడు?”

నవ్వి, ప్రతి చుక్కకూ మరిన్ని ఛాయలు కావాలంటే యంత్రం ఎంత పెద్దదవాలో వివరిస్తూ పోయాను. ఆమె కొంగుతో తెర మీది చెంపను తుడవసాగింది.

“అది మరక కాదు, పోదు” అన్నాను. చేయి ఆగిపోయింది. ఫోటో తీసుకుని వెళ్లిపోయింది.

నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. అయినా ఆగిన ఆ చేయి నన్ను వదలదు. ఆమె మెట్లను తుడిచిందా, చెంపను నిమిరిందా? చెప్పగలిగిన మనిషి ఇప్పుడు లేదు. ఉన్నప్పుడు నేను వివరించానే తప్ప అడగలేదు.