బీదర్‌కు తెలుగులో రావలసిన బొమ్మల సినిమా

"నువ్వు పెదాలు మాత్రం కదుపు బిడ్డా" అని ఒకావిడ నా కూతురితో అన్న మాట నేను మరిచిపోలేదు. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. క్రిస్మస్ కార్యక్రమం కోసం తెల్ల గౌను కుట్టించి, తలకు జరీ తీగ చుట్టి ముందు రోజు సాధనకు తీసుకెళ్లాను. మా తెలుగు చర్చి సంఘంలో పిల్లలకు పాటలు నేర్పే టీచరమ్మ పాట మధ్యలో ఆపింది. "నీ గొంతు ఒక్కటే వినిపిస్తాంది, మిగిలిన పిల్లలది వినిపిస్తలేదు. నువ్వు పెదాలు కదుపు, చాలు" అంది. కార్యక్రమం రోజున నా బిడ్డ ముందు వరుసలో నిలబడి నాలుగు పాటలకూ పెదాలు కదిపింది. నేను మూడో బెంచీలో కూర్చుని చూశాను. పక్కన కూర్చున్నావిడ నా మోచెయ్యి తట్టి, "మీ పాప మంచిగ పాడుతాంది" అని మెచ్చుకుంది కూడా.

పదహారేళ్లయింది. ఈ పదహారేళ్లలో టీచరమ్మ ఎదురైన ప్రతిసారీ వందనాలు చెప్పాను. అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఇలాంటివి నాకు చాలా గుర్తుంటాయి. నేను ప్రభుత్వ కన్నడ బడిలో టీచరును. బీదర్‌కు బదిలీ అడిగితే హుల్సూర్ వేశారు. మళ్లీ అడిగితే కమలనగర్ వేశారు. సొంత ఊళ్లో పోస్టింగు వచ్చేసరికి నా కూతురి బడి చదువే అయిపోయింది. ప్రతిసారీ అర్జీ రాశాను. వాటి నకళ్లన్నీ ఒక ప్లాస్టిక్ ఫైలులో ఉన్నాయి. మా వీధి దీపం గురించి రాసినవీ, బడి కప్పు కారుతోందని రాసినవీ అందులోనే ఉన్నాయి. చాలావాటికి జవాబు రాలేదు. ఎవరు జవాబు ఇవ్వలేదో నాకు తెలుసు.

ఈసారి అర్జీ రాయాల్సి వచ్చింది ఒక బొమ్మల సినిమా గురించి.

ఆ బొమ్మలు మీ ఇళ్లలో కూడా ఉండే ఉంటాయి. బొచ్చు జంతువులు. పొట్టకు జిప్పు ఉంటుంది, తీస్తే లోపల అదే జంతువు పిల్ల ఉంటుంది. ఊరి మధ్య చౌబారా బురుజు దగ్గరి దుకాణాల్లో వేలాడేవి నకిలీలు, వాటి జిప్పు తెరుచుకోదు. ఇప్పుడు ఆ బొమ్మలతో యానిమేషన్ సినిమా తీశారు. మాటలు తక్కువ, అంతా పాటలే. నా తరగతి పిల్లలు రెండు నెలల నుంచి దాని గురించే మాట్లాడుకుంటున్నారు. తెలుగులో కూడా తయారవుతోందని, అందులో ఒక పాటకు కోరస్ పాడానని నా కూతురు ఫోన్ చేసి చెప్పింది. తను హైదరాబాద్‌లో ఒక బడిలో సంగీతం టీచరు. పిలిచినప్పుడు వెళ్లి ఇలా కోరస్ పాడి వస్తుంటుంది.

"ఏం పాటనే అది?" అని అడిగాను.

"దుకాణంల ఎవ్వరూ కొనకుండ అరల మిగిలిపోయిన బొమ్మలన్నీ కలిసి పాడుతయమ్మా. పదకొండు మందిమి పాడినం."

"ఏదీ, ఒక్క లైను వినిపియ్యి."

"వద్దు. సినిమా వచ్చేదాంక బయట పాడమని సంతకం తీస్కున్నరు."

"తల్లికి గూడ వినిపియ్యొద్దన్నరా?"

"తల్లికి వినిపియ్యొచ్చని అందుల రాయలే."

ఆ కాగితం రాసినవాళ్ల మీద నాకు ఇంకా కోపంగానే ఉంది. ప్రచారానికి వదిలిన చిన్న వీడియోను మాత్రం ఫోన్లో పెట్టుకుని రోజూ విన్నాను. మొదట్లో ఒక హమ్మింగ్ వస్తుంది, అది మా అమ్మాయిదేనని నిశ్చయించుకున్నాను. కళ్లు మూసుకుని వింటే దాని ఊపిరి తీసే పద్ధతి కూడా తెలిసినట్టే ఉండేది. వారం తర్వాత ఆ మాట చెబితే, "అమ్మా, అది వేరే పాట. అది నేను గాదు" అంది. ఆ వారమంతా నేను ఎవరి బిడ్డ గొంతు విని మురిసిపోయానో తెలియదు.

మా ఊరి థియేటర్ ముందు పోస్టరు పడ్డ రోజునే వెళ్లి చూశాను. కన్నడ, హిందీ అని ఉంది. తెలుగు లేదు. హీరోల సినిమాలైతే ఇక్కడ తొలిరోజే తెలుగులో ఆడతాయి, తొక్కిసలాట కూడా జరుగుతుంది. లోపలికి వెళ్లి మేనేజరును అడిగాను. ఆయనది దగ్గర్లోని చిట్గుప్ప ఊరు. కన్నడ, ఉర్దూ, తెలుగు మూడూ మాట్లాడతాడు.

"అన్నా, ఇది తెలుగుల రాదా?"

"పిల్లల సినిమా కదా అక్కా. పిల్లలు బడిల కన్నడ చదువుతరు, ఇంట్ల హిందీ కార్టూన్లు చూస్తరు. తెలుగు ఎవరికి గావాలె?"

"నాకు గావాలె."

"మీ ఒక్కరి కోసం పర్దా ఎత్తాల్నా?"

"ఎంతమంది గావాల్నో చెప్పు."

ఆయన నవ్వి, వంద మంది సంతకాలు తెమ్మన్నాడు. నవ్వినందుకు నూట ఇరవై తెస్తానని చెప్పి వచ్చాను.

"మూడు గంటల దారి, పొద్దున బస్సెక్కి హైదరాబాద్ పోయి చూసి వద్దం. ఇంత లొల్లి ఎందుకు?" అని నా భర్త అన్నాడు. ఆయన చెప్పింది సులువే. కానీ నా బిడ్డను ఊరుకోమన్నది హైదరాబాద్ కాదు. ఏ ఊళ్లో దాని గొంతు వద్దన్నారో ఆ ఊళ్లోనే, ఆ వద్దన్న వాళ్లు కూర్చుని ఉండగా నేను దాన్ని వినాలి. నాకు కావాల్సింది అదొక్కటే.

రెండు ఆదివారాలు ఆరాధన అయిపోగానే చర్చి గేటు దగ్గర నిలబడ్డాను. మా సంఘ పెద్ద ఒకాయన, లారీల మరమ్మతు చేస్తాడు, నా చేతిలో కాగితం చూడగానే దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఈసారి ఎవరి మీద పిటిషన్?"

"ఎవ్వరి మీద గాదు. సంతకం పెట్టు."

"ఎవ్వరి మీద గాకుంటే మజా ఏముంది?" అంటూనే పెట్టాడు. భార్యతో, ఇద్దరు తమ్ముళ్లతో కూడా పెట్టించాడు. మా వీధిలోని తెలుగు రైతు కుటుంబాల దగ్గరికీ, కూరగాయల మార్కెట్టుకూ వెళ్లాను. నూట ఇరవై అయ్యాక ఇంకో ముగ్గురిని కలుపుకుని కాగితాలు మేనేజరు ముందు పెట్టాను.

ఆయన మొదటి పేజీ చూశాడు, రెండోది చూశాడు, మూడోది తిప్పాడు.

"అక్కా, ఇది ఏ భాషల ఉన్నది?"

నేను కాగితం నా వైపు తిప్పుకున్నాను. పైన నేను రాసిన విన్నపం కన్నడలో ఉంది. కింద నూట ఇరవై మూడు సంతకాలు, అన్నీ కన్నడలోనే ఉన్నాయి.

"ఇంతమంది కన్నడ చక్కగ వచ్చినోళ్లను తీస్కొచ్చినరు. కన్నడ సినిమా హాయిగ చూస్తరు. ఈ కాగితం నేను సినిమా పంపెటోళ్లకు చూపిస్తే నా మీద నవ్వుతరు" అన్నాడు. ఈసారి ఆయన నవ్వలేదు. అందుకే ఇంకా బాధ అనిపించింది.

ఎవరినీ తప్పు పట్టలేకపోయాను. మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, పోట్లాడతాం, ప్రార్థన చేస్తాం. రాయాల్సి వస్తే మాత్రం చెయ్యి దానంతటదే బడిలో నేర్చిన కన్నడలోకి వెళుతుంది. కిరాణా చీటీ మీద చింతపండు, పెసరపప్పు అని తెలుగు మాటలే కన్నడ అక్షరాల్లో రాసుకుంటాం. నా జీవితంలో రాసిన అర్జీలన్నీ కన్నడవే. సంతకాలు పెట్టిన వాళ్లలో ఒక్కరికీ అది వింతగా అనిపించలేదు. టీచరునైన నాకూ అనిపించలేదు.

మాలో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్లు లేకపోలేదు. పాటల పుస్తకం చదవడానికి ఆదివారం బడిలో నేర్చుకున్నాం. నాకు వచ్చిన తెలుగు కూడా అక్కడిదే. ఇప్పుడు ఇది రాస్తున్నదీ దానితోనే. రెండు తరాల వాళ్లకు పలక మీద ఆ అక్షరాలు దిద్దించింది టీచరమ్మ. మా సంఘంలో అందరి చేతా తెలుగు రాయించగలిగిన మనిషి ఆవిడ ఒక్కతే.

నాలుగు రోజులు ఆగాను. ఐదో రోజు వెళ్లాను. ఆవిడ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. డెబ్బై దాటాయి, చూపు మందగించింది, నన్ను మాత్రం గేటు దగ్గరే పోల్చుకుంది.

"వందనాలు టీచరమ్మా."

"వందనాలు. పదహారేండ్లకు వచ్చినవ్. కూసో."

ఆవిడ కూడా లెక్క పెట్టుకుందని అప్పుడు తెలిసింది. వచ్చిన పని చెప్పాను. చెప్పడం అయ్యాక, అడగాలని అనుకోని మాట కూడా వచ్చేసింది. "నా బిడ్డను పెదాలు కదుపుమన్నవు నువ్వు."

"అన్న. నలభై మంది పిల్లలు, ఒక్కటే మైకు. దానికి మెల్లగ పాడుడు నేర్పియ్యాల్సి ఉండె, నాకు ఓపిక లేకపాయె. తప్పే."

"ఈ మాట అప్పుడే అనొచ్చు కదా?"

"వందనాలు చెప్పి ఆగినవా నువ్వు ఎప్పుడన్నా? నీ ఎనుక ఉరికి చెప్పాల్నా?"

ఆ మాట కూడా నేను మరిచిపోను. ఆవిడ చిక్కుడుకాయల పళ్లెం నా వైపు జరిపి, "ఇవి ఒలువు, నేను కండ్లద్దాలు తెస్త. ముందుగాల నువ్వు తెలుగుల ఎట్ల రాస్తవో చూడాలె" అంటూ లేచింది. విన్నపం తెలుగులో మళ్లీ రాశాను. ఆవిడ రెండు చోట్ల దిద్దింది.

ఆ ఆదివారం చర్చి వరండాలో ఒక బల్ల వేశాం. టీచరమ్మ పాటల పుస్తకం తెరిచి ముందు పెట్టుకుని కూర్చుంది. పేర్లు తెలుగులో రాస్తేనే కాగితం మీద చోటు. పెద్ద పెద్దవాళ్లు పుస్తకం మీదకి వంగి తమ పేరులోని అక్షరాలు పాటల్లో వెతుక్కున్నారు. దొరికిన అక్షరం మీద వేలు పెట్టి, ఇంకో చేత్తో రాసుకున్నారు.

"పైన గీత తీసేసి తలకట్టు పెట్టుండ్రి, కన్నడది సగం తెలుగైతది" అని టీచరమ్మ అందరికీ చెబుతోంది.

లారీల మరమ్మతు చేసే సంఘ పెద్ద రెండుసార్లు కొట్టేసి మూడోసారి మొదలుపెట్టాడు. "ఈ వయసుల నాకు పలక పట్టిస్తివా టీచరమ్మా?"

"చిన్నప్పుడు రాలే నీకు. ఇప్పుడన్నా రానియ్యి."

మార్కెట్టు వాళ్లలో, వీధిలో వాళ్లలో తెలుగు అక్షరాలు అసలు రానివాళ్లున్నారు. వాళ్లు టీచరమ్మ రాసిచ్చిన తమ పేరును ఒక బొమ్మలా చూసి గీశారు. అన్నీ కలిపితే వందకు తొమ్మిది తక్కువయ్యాయి. అంతే తీసుకుని వెళ్లాను.

మేనేజరు ఈసారి కాగితాన్ని చాలాసేపు చూశాడు. "పిల్లలతోని రాయించినరా?" అన్నాడు.

"పెద్దోళ్లే. పిల్లలైతే ఇంతకన్న మంచిగ రాస్తరు."

ఆయన నా ముందే ఎవరికో ఫోన్ చేశాడు. ఉర్దూలో మాట్లాడాడు, కన్నడలో మాట్లాడాడు, ఒకసారి గొంతు కూడా పెంచాడు. ఫోన్ పెట్టేసి, "ఒక్క ఆట అక్కా. విడుదలైన మొదటి ఆదివారం, పొద్దున పది గంటలకు" అన్నాడు.

ఆదివారం పది గంటలకు మేమంతా ఆరాధనలో ఉంటాం. ఈ సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. అక్కడే నిలబడి, ఆయన బల్ల మీది కాగితమే తీసుకుని ఇంకో అర్జీ రాశాను. ఆయన పూర్తిగా చదవకుండానే, "సరే, ఒంటి గంటకు" అన్నాడు.

ఇంక తొమ్మిది రోజులున్నాయి. టీచరమ్మను తీసుకురావడానికి ఆటో మాట్లాడాను. మెట్లు ఎక్కలేదు కాబట్టి కింద వరుసలో చివరి సీటు ఆవిడకు, దాని పక్కది నాకు. నా కూతురు శనివారం సాయంత్రం వస్తానంది. నిన్న ఫోన్‌లో నన్ను ముందే హెచ్చరించింది.

"అమ్మా, నువ్వు మస్తు ఆశ పెట్టుకుంటున్నవ్. పదకొండు గొంతులు కలిపి ఒక్కటి చేస్తరు. నాది వేరుగ వినిపియ్యదు."

"నాకు వినిపిస్తది."

"వినిపియ్యకుంటే?"

"రెండో ఆట అడుగుత."

"ఇయ్యనంటే?"

"ఇయ్యనన్నోళ్లను ఎట్ల అడగాల్నో నాకు ఎరుకే" అన్నాను.