నెట్ గౌను మీద కబాబులు

నాకు చేవెళ్లల టైలరింగ్ షాపు ఉన్నది. ఇరవై ఏండ్ల సంది జాకెట్లు, లెహంగాలు కుడుతున్న. లెహంగాల కింద వేసే బిర్రు నెట్ గుడ్డ నా చేతికి బాగ అలవాటు. కానీ టూటూ అనే మాట మొదటిసారి విన్నది మొయినాబాద్ దిక్కు ఒక స్కూల్ల డ్యాన్స్ నేర్పే మేడం నోట. యాన్యువల్ డేకి పదకొండు మంది చిన్నపిల్లలకు టూటూలు, అంటె బ్యాలే డ్యాన్స్ గౌన్లు, కావాలని వచ్చింది.

"నడుము కాడ నుంచి పళ్లెం లెక్క అడ్డంగ నిలబడాలె," అని ఫోన్ల ఫోటో చూపెట్టింది.

"ఇది గౌనా మేడం, గొడుగా?" అన్న.

ఆమె నవ్వి, చాయ్ తాగుకుంట దాని కథంత చెప్పింది. రమారమి రెండు వందల ఏండ్ల కింద, పారిస్‌ల ఆడోళ్లు నేలను ఊడ్చే బట్టలు కట్టుకునే కాలంల, ఒక డ్యాన్సరు పిక్కల దాకనే వచ్చే పల్చటి తెల్లగౌను వేసుకొని స్టేజి ఎక్కిందట. కాలివేళ్ల కొసల మీద ఆమె ఎట్ల నిలబడుతున్నదో జనానికి కనబడాలని. గిరికీలు, దుంకుళ్లు కష్టమైనకొద్ది గౌను మోకాలి దాక, తొడ దాక ఎక్కింది. ఆఖరికి లోపల తీగ పెట్టి పళ్లెం చేసిన్రు.

"పనికి తగ్గట్టు బట్ట మారింది. మంచిగనే ఉన్నది కద," అన్న.

"అంత మంచిగ ఏం లేదు," అన్నది మేడం. అప్పటి స్టేజీల మీద గ్యాస్ దీపాలట. నెట్ అంటుకొని కాలిపోయిన పిల్లలు ఉన్నరట. స్టేజి వెనక ఒక గది ఉండేదట. ఏడాది పొడుగూత సీటు కొనుక్కున్న పెద్దమనుషులు అందులకు పోయి, పిల్లలను దగ్గరి నుంచి చూసేటోళ్లట. ఆ పిల్లలల్ల శానమంది లేనోళ్ల ఇండ్ల నుంచి వచ్చినోళ్లే. "టూటూ అనే మాట ఎట్ల పుట్టిందో ఖాయంగ ఎవరికీ తెల్వదు. ఆడోళ్ల పిర్రలకు ఆ మగోళ్లు పెట్టిన ముద్దుపేరు నుంచే వచ్చిందని అంటరు," అన్నది.

నాకు రోతయింది. ఎప్పటిదో, ఎక్కడి ముచ్చటో అనుకొని కొలతల పుస్తకం తీసిన.

పదకొండు గౌన్లు కుట్టిన. పది పొరల నెట్టు, ఒక్కో పొర కింది దాని కంటె జర వెడల్పు, నడుమ ఒక స్టీలు తీగ. ఆ రోజు పిల్లలు స్టేజి మీద ఎగురుతుంటె నా కడుపు నిండింది. ఆ ఫోటోలు షాపు గోడకు అంటించిన.

వాటిని చూసే ఈవెంట్లు చేసే ఒకాయన వచ్చిండు. సురంగల్ దిక్కు ఒక ఫామ్‌హౌస్‌ల ఎంగేజ్‌మెంట్ ఉన్నదట, ఊర్ల పేరున్న లీడర్ కొడుకుదట. "అక్కా, పెద్దపిల్లకు ఒకటి కావాలె. చుట్టూ మూడు అడుగులు రావాలె. వంగొద్దు. మందపు తీగలు వేయి."

"ఇంత బరువుతోని డ్యాన్స్ ఎట్ల చేస్తది తమ్మీ?"

"డ్యాన్స్ కాదక్కా, డెకరేషన్. జర నిలబడుతది, అంతే."

అడిగిన, విన్న, కుట్టిన. దేనికి డెకరేషన్ అని ఇంకొక్క మాట అడగాల్సి ఉండె. అడగలే.

ఎంగేజ్‌మెంట్ రోజు పగటీలి ఫోన్ వచ్చింది. గౌను ఒక దిక్కు వంగింది, ఉరికి రమ్మన్నడు. కత్తెర, సూది, తీగ సంచిల వేసుకొని స్కూటీ మీద పోయిన.

లాన్‌ల టెంట్ కింద వంద మందికి పైనే ఉన్నరు. నడుమ నా గౌను కనబడ్డది. ఒక దిక్కు జర వంగినా, తెల్లగ, పళ్లెం లెక్క. అబద్ధం చెప్పను, మొదలు నాకు మురిపెమే అయింది. నా కుట్టు ఎంత నీట్‌గ నిలబడ్డదని.

దగ్గరికి పోతె తెలిసింది. నెట్టు మీద గాజు లెక్క కనబడే ప్లాస్టిక్ షీటు బిగించిన్రు. దాని మీద కబాబులు, చట్నీ గిన్నెలు, జ్యూసు గ్లాసులు. నడుమ కోసిన గుండ్రటి రంధ్రంల నుంచి ఒక పిల్ల నడుము పైకి లేచి ఉన్నది, నెత్తి మీద కిరీటం, పెదవుల మీద నవ్వు. ఇరవై ఏండ్లు కూడ నిండినట్టు లేవు. జనం వస్తున్నరు, ఆమె మొఖం చూడకుంట కబాబు తీసుకుంటున్నరు. కొరికిన కోడి బొక్కలు అక్కడనే పెడుతున్నరు. పండ్ల సందులల్ల కుచ్చుకున్న పుల్ల తెచ్చి ఒకాయన నెట్టుకు గుచ్చిండు. ఇంకొకాయన నూనె వేళ్లు గౌను అంచుకు తుడుచుకొని, "టిష్యూ లెక్కనే ఉన్నది," అని పక్కాయనకు చూపెట్టి నవ్విండు. పట్టుచీరల ఆడోళ్లు ఆ ఎంగిలి బొక్కల పక్కకే ఒంగి సెల్ఫీలు దిగుతున్నరు. చట్నీ కారి పొరలల్ల పచ్చగ దిగింది. ఈగలు వాలినయి.

తీగ సరిచేసెటందుకు పిల్ల ఎనకకు పోయి ఒంగిన. నడుముపట్టీ ఊడిపోవద్దని ఈవెంట్ల ఆయన పొద్దున్నే గౌనును కింది బట్టకు కలిపి కుట్టించిండు. తీగ రాసుకొని రెండు దిక్కుల తోలు లేచింది. రక్తం ఎండి లైనింగ్‌కు అంటుకున్నది.

"అక్కా," అన్నది పిల్ల, నవ్వు తీయకుంట, పెదవులు కదలకుంట. "బాత్రూంకి పోవాలె."

"ఎప్పటి సంది నిలబడ్డవు బిడ్డా?"

"పొద్దున పది కొట్టినప్పటి సంది. అన్నం టైం అయినంక పోనిస్త అన్నడు. అందుకే నీళ్లు కూడ తాగలే."

గడియారం చూసిన. రెండు దాటింది.

ఎదురుంగ ఉన్న ఇద్దరు మగోళ్లను, "అన్నా, జర ఈ షీటు పట్టుకోండ్రి," అన్న. వాళ్లు ఇది కూడ ఆటనే అనుకొని నవ్వుకుంట పట్టుకున్నరు. నేను కత్తెర తీసి ఎనక నుంచి నడుముపట్టీ కోసిన. పది పొరలు కరకరమన్నయి. పిల్ల కిందికి ఒంగి ఆ గుండ్రం నుంచి బయటికి వచ్చింది. పక్క బల్ల మీది తెల్లగుడ్డ లాగి ఆమెకు చుట్టిన. ఆమె బాత్రూం దిక్కు ఉరికింది.

ఈవెంట్ల ఆయన వచ్చి, "ఎవరిచ్చిన్రు నీకు పర్మిషన్?" అని ఒర్లిండు.

"నేను కుట్టిన, నేనే కోసిన."

లీడర్ కూడ వచ్చిండు. ఏమైందని నన్ను అడగలే. షీటు పట్టుకొని నిలబడ్డ ఇద్దరిని చూసి, "ఇంకో టేబుల్ తెప్పియ్యరాదయ్యా," అన్నడు. అంతే. ఒక మనిషి పోయి ఒక మామూలు బల్ల వచ్చింది. జనం తినుడు ఆపలే.

పిల్ల తన బట్టలు వేసుకొని వచ్చినంక, ఆమెను స్కూటీ మీద మొయినాబాద్ బస్‌స్టాప్‌కు తీసుకపోయిన. దారిల బండి ఆపమని, రోడ్డు పక్కకు కక్కుకున్నది. నీళ్లు తాగినంక నా మీదనే కోపం చేసింది.

"ఇగ నన్ను ఏ ఈవెంట్‌కు పిలువరు. నువ్వు బాత్రూం దాక పట్టుకపోతె చాలు, అందరి ముంగట కోసుడెందుకు?"

ఆమె అడగని పని చేసిన్నా? నా రోత తీర్చుకునెటందుకే కోసిన్నా? ఇప్పటికీ నాకు సాఫ్‌గ తెల్వదు. బస్సు వచ్చింది. ఆమె తిరిగి చూడలే.

వారం తర్వాత కొత్త ఆర్డర్ తెచ్చిన డ్యాన్స్ మేడంకు అంత చెప్పి, "ఈసారి పిల్లలకు టూటూ కుట్టను," అన్న.

"గౌను ఏం తప్పు చేసింది? మా పిల్లలు అది వేసుకొని ఎగురుతరు," అన్నది ఆమె.

"ఎగిరేటోళ్లదే అయితె కుడుత. తీగ మాత్రం వెయ్య."

ఆమె శానసేపు వాదించి, తీగ లేకుంట మోకాళ్ల దాక మెత్తటి నెట్టు చాలని ఒప్పుకున్నది. కుట్టిచ్చిన. కానీ నెట్టు కోసినప్పుడల్ల చట్నీ వాసన వస్తదేమో అని ముక్కు దగ్గర పెట్టుకొని చూసే అలవాటు అయింది.

మొన్న ఎక్కడనో నా నంబర్ దొరకబట్టుకొని, చందనవెల్లి నుంచి ఆ పిల్ల ఫోన్ చేసింది. అక్కడ ఒక కంపెనీల ప్యాకింగ్ పనికి కుదిరిందట. "నడుము మీద మచ్చలు పడ్డయి అక్కా, పోతలేవు. ఏమన్న మందు తెలుసా?" అని అడిగింది.

తీగ నేను వేసిందే. మరునాడు మందు కొని చందనవెల్లి బస్సు ఎక్కిన.